పావు మైలులో కుడికాలు

పావు మైలులో సగం దాటగానే లెస్లీ కుడికాలు దానంతట అదే పైకి లేచింది.

అతను లేపలేదు. అంతవరకు అన్నీ అనుకున్నట్టే జరిగాయి. జెండా పడింది. పాత ఎంజీ కారు వెనక చక్రాలు కీచుమని తారును పట్టుకున్నాయి. ఒకటో గేరు, రెండో గేరు, మూడు. బానెట్ కింద బ్లోయరు, ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కే ఆ ఇనప పెట్టె, చెవులు చిల్లులు పడేలా ఈల వేస్తోంది. కుడిపక్క లేనులో డెరిక్ కొత్త బీఎండబ్ల్యూ వెండి ముక్కు మొదట లెస్లీ భుజం దగ్గర కనబడింది, తర్వాత వెనక చక్రం దగ్గర, ఆ తర్వాత కనబడలేదు. సగం దూరానికి గుర్తుగా పెట్టిన ఎర్ర డ్రమ్ము దాటిపోయింది. లెస్లీ ముందు ఖాళీ రన్‌వే తప్ప ఏమీ లేదు. యాభై ఏళ్ళ బతుకులో తన ముందు ఏమీ లేకపోవడం అదే మొదటిసారి.

అప్పుడు కాలు లేచింది.

వేడి పెనం తగిలితే చెయ్యి వెనక్కి వస్తుందే, అలా. ఈల చప్పున పడిపోయింది. ఎంజీ ముక్కు నేలకు వంగింది. బీఎండబ్ల్యూ పక్కనుంచి గాలిదెబ్బ కొట్టి ముందుకు పోయింది. లెస్లీ కాలు మళ్ళీ దిగింది గానీ, అప్పటికే తెల్లగీత దగ్గర రెండు కార్ల పొడవు తేడా వచ్చేసింది.

రన్‌వే చివర చెరకు గోడ కట్టినట్టు నిలబడి ఉంది. అక్కడ బండి ఆపి, లెస్లీ కిందికి చూశాడు. కాన్వాసు బూటు. మొన్న మిల్లులో పైపు పడి గోరు నల్లబడిన బొటనవేలు ఆ బూటులోనే ఉంది. కాలు తనదే, సందేహం లేదు. అయినా బస్సులో పక్కసీటువాడి కాలిని చూసినట్టు చూశాడు. ఒళ్ళంతా చల్లబడింది. గుండెకేమైనా అయిందేమో అనుకున్నాడు. అదే అయితే బాగుండునని కూడా అనుకున్నాడు.

బామ్మర్ది విల్‌ఫ్రెడ్ పరిగెత్తుకొచ్చేసరికి లెస్లీ బండిని రన్‌వే షెడ్డు పక్కకు తెచ్చాడు. విల్‌ఫ్రెడ్ అదే తీరంలో ఒట్టావా అనే చిన్న ఊళ్ళో రొట్టెల వ్యాను నడుపుతాడు. మనిషి లావు, నోరు అంతకంటే లావు.

"ఏటైంది బావా? బెల్టు జారిందేటి?"

"జారినట్టుంది."

"నాను సెప్పలేదా! కొత్త బెల్టు ఎయ్యమని నెల కాణ్ణించి సెప్తన్నాను. నువ్వు ఇనవు. పీనాసోడివి."

"ఒరే, నోరు మూసుకుని బానెట్ ఎత్తు. వేడి పోవాలి."

బ్లోయరును తిప్పే ఆ బెల్టు జారలేదు. లెస్లీ దానిమీద వేలు పెట్టి నొక్కి చూశాడు, ఎవరూ చూడటంలేదని నిర్ధారించుకుని ఇంకోసారి నొక్కాడు. వీణ తీగలా బిగుతుగా ఉంది. అతను అబద్ధాలాడే మనిషి కాడు. ప్రార్థనామందిరంలో సాక్ష్యం చెప్పమంటే కూడా ఉన్నదానికి ఒక్క మాట కలపడు. అలాంటివాడు ఇంత సులువుగా బెల్టుమీద నేరం మోపాడు. అది కూడా కాలి పనిలాగే జరిగింది. నోరు దానంతట అదే ఆడింది.

అది 1995 జూలై, అక్కడ చలికాలం, చెరకు కోతల కాలం. కోతకు ముందు తోటలు తగలబెడతారు కనక ఉమ్‌కోమాస్ ఊరి వెనక గుట్టలమీద ఎక్కడ చూసినా పొగ. నల్లటి బూడిద పోగులు గాల్లో తేలుతూ వచ్చి కార్లమీద, జనం జుట్లమీద, రొట్టెలమీద పడుతున్నాయి. తోటలకు మందు చల్లే విమానాల కోసం ఎప్పుడో వేసిన తారు రన్‌వే అది. ఒక కార్ల క్లబ్బు ఏడాదికి నాలుగు ఆదివారాలు దాన్ని అద్దెకు తీసుకుని పందేలు పెడుతుంది. రెండేళ్ళ కిందటి వరకు లెస్లీలాంటి ఇండియన్లు ఆ పందేలను ముళ్ళకంచె అవతల, చెరకు బళ్ళ దారిలో నిలబడి చూసేవాళ్ళు. ఇప్పుడు క్లబ్బు ఫారంలో జాతి అడిగే గడి లేదు. లెస్లీ ఆ ఫారం నింపిన రోజు గడి ఉండాల్సిన చోటును చాలాసేపు చూశాడు. అక్కడ ఏమీ రాయనవసరం లేదని చెయ్యి నమ్మడానికి కొంతసేపు పట్టింది.

ఎంజీ 1967 నాటిది. పైకప్పు లేని రెండు సీట్ల బండి. పీటర్‌మారిట్జ్‌బర్గ్ తుక్కు దుకాణంలో లెస్లీ దాన్ని చూసినప్పుడు నేల తుప్పుపట్టి రాలిపోయి, సీటులో కోడి గుడ్లు పెడుతోంది. పన్నెండేళ్ళు పట్టింది. కాగితపు గుజ్జు మిల్లులో ఫిట్టరుగా షిఫ్టు ముగిశాక ఇంటికొచ్చి, అన్నం తిని, షెడ్డులోకి వెళ్ళేవాడు. బ్లోయరు ఒక పాత విమానంలో ప్రయాణికులకు గాలి పంపడానికి వాడినది. దాన్ని ఇంజనుకు తగిలించే బ్రాకెట్లు తనే కోసి, తనే వెల్డింగ్ చేశాడు. మూడు విరిగాయి. నాలుగోది నిలబడింది.

"ఆ బండికి పెట్టిన టైం దేవుడికి పెట్టుంటే ఈపాటికి పాస్టర్ అయిపోదువు," అంటుంది అతని భార్య పర్ల్. ఆ ఉదయం కూడా గుమ్మంలో నిలబడి తిట్టింది. "ఆదివారం పూట దేవుడింటికి రాకుండా రబ్బరు కాల్సడానికి ఎల్తావేటి? సిగ్గు నేదు, ముసిలోడివి." తిట్టి, పప్పూ రొట్టీ డబ్బాలో పెట్టి ఇచ్చింది.

పందెం మూడు పరుగులు. రెండు గెలిచినవాడిది గెలుపు. బహుమతి క్లబ్బు పేరు చెక్కిన ఒక బీరు గ్లాసు. లెస్లీ తాగడు. అతనికి కావలసింది ఒక్కటే: డెరిక్ బండికంటే ముందు, తన కాలితో తను నొక్కి, ఆ గీత దాటాలి. ఒక్కసారి చాలు. ఇంకెవరి బండినో దాటితే చాలదు. ఎందుకంటే ఒకప్పుడు డెరిక్ తండ్రి ఈ తోటలకు మేనేజరు, లెస్లీ తండ్రి ఆయన కింద లారీ డ్రైవరు.

డెరిక్ చేతిలో రెండు చల్లటి డబ్బాలతో వచ్చాడు. నలభై ఏడేళ్ళుంటాయి. కిందటి నెల ప్రపంచ కప్పు గెలిచిన తమ దేశపు రగ్బీ జట్టు ఆకుపచ్చ జెర్సీ వేసుకున్నాడు. మంచివాడు. లెస్లీని క్లబ్బులో చేర్చుకోవాలని అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు అతనే.

"లెస్! నా పని అయిపోయిందనుకున్నాను మ్యాన్!" అన్నాడు ఇంగ్లీషులో, ఒక డబ్బా అందిస్తూ. "నీ వెనక బంపరు నంబరుతో సహా చదువుకున్నాను. బెల్టటగా?"

"అవును, మిస్టర్ డెరిక్."

"మిస్టర్ ఏమిటి ఇంకా? డెరిక్ అను చాలు." అతను బానెట్ లోపలికి వంగి చూసి ఈల వేశాడు. "అద్భుతం. మీ నాన్నకూడా ఇంతేనట. మా నాన్న ఎప్పుడూ చెప్పేవాడు, సామీలాంటి డ్రైవరు తోటలోనే లేడని."

తెల్లదొరలు ఇండియన్ మగవాళ్ళందర్నీ సామీ అనే పిలిచేవారు. లెస్లీ తండ్రి పేరు అప్పల్సామి. అందుచేత తనను పిలుస్తున్నారో వెక్కిరిస్తున్నారో ఆయనకు ఎన్నడూ తేలలేదు.

"పాపం, తర్వాత స్టీరింగ్ అంటే విసుగు పుట్టిందట కదా," అన్నాడు డెరిక్, డబ్బా తెరుస్తూ. "తనే వచ్చి చెరకు కోతకు పంపమని అడిగాడట. మా నాన్నకు చివరిదాకా అది అర్థం కాలేదు. ఒక మనిషి డ్రైవరు సీటు వదిలి కత్తి ఎందుకు పట్టుకుంటాడు?"

ఈసారి లెస్లీ తల కదిలింది. అవునన్నట్టు కిందికీ పైకీ రెండుసార్లు ఊగింది. పైగా పెదాలు కొంచెం విచ్చుకుని, డెరిక్‌కు సుఖంగా ఉండేలా చిన్న నవ్వు నవ్వాయి.

డెరిక్ వెళ్ళిపోయాక లెస్లీ తన మెడ వెనక చెయ్యి వేసి పట్టుకున్నాడు, దాన్ని ఎవరో వంచి వదిలినట్టు. కాలు, నోరు, ఇప్పుడు తల. ఈ ఒళ్ళనే ఇంట్లో తను ఒక్కడే ఉంటున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. లోపలి గదిలో ఇంకెవరో కాపురం ఉంటున్నారు, తాళాలన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

*

లెస్లీకి అప్పుడు ఏడేళ్ళు. అమ్మకు నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. రక్తం పోతోంది. నాయన తోట లారీలో అమ్మను ముందుసీటులో కూర్చోబెట్టి, లెస్లీని మధ్యలో ఇరికించి, ఆసుపత్రికి బయల్దేరాడు. చెరకు మధ్య సన్నటి మట్టిదారి. ముందు దొర కారు, డెరిక్ తండ్రిది. దొర ఆదివారం భోజనానికి ఎక్కడికో తీరిగ్గా పోతున్నాడు. దారి ఇమ్మని హారన్ కొట్టే ధైర్యం తోటలో ఎవరికీ లేదు. దొర కారు ఎదురొస్తే చెరకులోకి దిగాలి, ముందు పోతుంటే వెనక దుమ్ము తాగాలి. అది రాసిపెట్టిన చట్టం కాదు, రాయనక్కరలేని చట్టం. అమ్మ మూలగడం మానేసింది. అప్పుడు నాయన లారీని పక్కకు తిప్పి, చెరకు కర్రలు పటపటా విరుగుతుండగా, దొర కారును దాటేశాడు.

అమ్మ బతికింది. చెల్లెలు పమేలా పుట్టింది. ఇప్పుడు నార్త్‌డేల్‌లో టీచరమ్మ. మర్నాడు తెల్లారి నాయన చేతికి లారీ తాళాలకు బదులు చెరకు కత్తి వచ్చింది. డ్రైవర్లకిచ్చే రెండు గదుల ఇల్లు పోయి, కూలీల బారకాసులో ఒక గది వచ్చింది. చచ్చిపోయేదాకా పదమూడేళ్ళు కోశాడు. ఎప్పుడూ దొరను ఒక్కమాట అనలేదు. లెస్లీ డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడు మాత్రం పక్కన కూర్చుని ఒకే పాఠం చెప్పాడు. "దొర బండి ముందర మన బండి ఎల్లకూడదు. కాలు తీసెయ్. కాలు తీసెయ్యి నాయినా." ముందు తెల్లవాడి కారు కనబడితే చాలు, ముసలాయన చెయ్యి లెస్లీ కుడి మోకాలిమీద పడేది. పట్టి పైకి లాగేది. ఎన్నిసార్లు లాగిందో లెక్కలేదు.

ఇన్నేళ్ళూ లెస్లీ అది మరిచిపోయానని అనుకున్నాడు. కిందటేడు బతుకులో మొదటి ఓటు వేసి వచ్చాక, అది పూర్తిగా పోయిందని కూడా అనుకున్నాడు. కాలు మరిచిపోలేదు. మనసు కొత్త దేశంలోకి వచ్చి ఏడాది దాటింది. కాలు ఇంకా ఆ మట్టిదారిలోనే ఉంది.

ఫిట్టరు దేన్నైనా బాగుచెయ్యడం తెలిసినవాడు. ఒక వాల్వు పనిచెయ్యకపోతే దానికి బుద్ధి చెప్పడు, దాన్ని తప్పించి ఇంకో దారి వేస్తాడు. లెస్లీ విల్‌ఫ్రెడ్‌ను నీళ్ళు తెమ్మని పంపించి, బానెట్ కిందికి దూరాడు. చలికాలం ఇంజను లేవడానికి డాష్‌బోర్డులో చోక్ అని ఒక పిడి ఉంటుంది. లాగి కొంచెం తిప్పితే అక్కడే బిగుసుకుంటుంది. ఆ పిడి తీగ అవతలి కొసను ఊడదీసి, ఇంజనుకు ఊపిరి పెంచే థ్రాటిల్‌కు తగిలించాడు. పది నిమిషాల పని. ఇక మూడో గేరు పడ్డాక ఎడమచేత్తో పిడి లాగి తిప్పితే చాలు. కాలు లేచినా ఇంజను తగ్గదు.

చేతిని అతను నమ్మాడు. ముప్ఫై ఏళ్ళుగా అన్నం పెడుతున్న చెయ్యి అది. కాలు తండ్రిది.

*

రెండో పరుగు.

జెండా పడింది. ఒకటి, రెండు, మూడు. ఎడమచెయ్యి గేరు వదిలి పిడిని పట్టింది, లాగింది, తిప్పింది. ఎర్ర డ్రమ్ము వచ్చింది. వెండి ముక్కు వెనక్కి జారింది.

కాలు లేచింది.

సరిగ్గా అదే చోట, అదే తీరుగా. అరికాలి కింద పెడలు లేదు, గాలి ఉంది. మోకాలు పైకి వచ్చి స్టీరింగ్‌కు తగిలింది. ఈల మాత్రం తగ్గలేదు. బండి అతన్ని పట్టించుకోకుండా పోతోంది. లెస్లీ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, తన బండిలో తను దొంగచాటుగా ఎక్కినవాడిలా, కాలు గాల్లో పెట్టుకుని, తెల్లగీత దాటాడు. ముందు దాటాడు. జనం అరుపు గాలిలో ముక్కలుగా వినిపించింది.

పిడి తిప్పాడు. రాలేదు. మళ్ళీ తిప్పాడు, చెమటకు వేళ్ళు జారాయి. చెరకు గోడ పెద్దదవుతోంది. తాళంచెవి కట్టేసి బ్రేకుమీద నిలబడ్డాడు. బండి అడ్డంగా తిరిగి, చెరకుకు నాలుగు గజాల దూరంలో ఆగింది. రబ్బరు వాసన. నిశ్శబ్దం. ఒక బూడిద పోగు తాపీగా దిగి వచ్చి బానెట్‌మీద వాలింది.

బోర్డుమీద అతని పేరు పైన ఉంది. క్లబ్బు మైకులో ఎవరో "లెస్లీ! ఉమ్‌కోమాస్ లెస్లీ!" అని అరుస్తున్నారు. డెరిక్ దూరంనుంచే రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. ముందుకు రావాలని పన్నెండేళ్ళు కలగన్న మనిషి, ముందుకు వచ్చి, గడ్డిమీద కూర్చుండిపోయాడు. గెలిచింది ఎవరు? తను కాదు. తను ఆ బండిలో లేడు. సగం దూరంలోనే దిగిపోయాడు.

"ఎక్ సే! సూపినావు బావా, లార్నీగాడికి సుక్కలు సూపినావు!" విల్‌ఫ్రెడ్ చిందులు వేస్తూ వచ్చి బానెట్ ఎత్తాడు. ఎక్ సే అక్కడివాళ్ళ కేక, లార్నీ అంటే డబ్బున్న దొర. ఒక నిమిషం తర్వాత చిందులు ఆగాయి. "బావా. ఈ తీగ ఇక్కడెందుకు ఉంది?"

లెస్లీ కుడి మోకాలు రుద్దుకుంటున్నాడు.

"చోక్ తీగ థ్రాటిల్‌కి కట్టీసినావు." విల్‌ఫ్రెడ్ గొంతు తగ్గింది. "ఇది బిగిసిపోతే నువ్వు సచ్చిపోతావు. మా అక్కకి నానేటి సెప్పాలి? పిచ్చెక్కిందేటి నీకు?"

"కాలు లేచిపోతోందిరా."

"ఏటి?"

"బెల్టు కాదు. కాలు. సగం కాడికి రాగానే లేచిపోతంది. ఇందాకా లేచింది, ఇప్పుడూ లేచింది. నేను లేపటంలేదు."

విల్‌ఫ్రెడ్ ఎగతాళి చేస్తాడని లెస్లీ ఎదురుచూశాడు. అతను లావుపాటి మనిషి కనక మెల్లగా, చెయ్యి ఆనించుకుని, గడ్డిమీద పక్కన కూర్చున్నాడు.

"నీకొకటి సెప్తాను. అక్కతో అనకు," అన్నాడు. "కిందటేడు ఓటింగు. నాలుగ్గంటలు ఎండలో లైన్లో నిలబడ్డాను. గుమ్మం కాడికి ఎల్లినాక ఎనక్కి సూసినాను. నా ఎనకాల తెల్ల మేడం ఒకావిడ. అంతే. 'యూ గో ఫస్ట్, మేడం' అనీసినాను. ఆవిడ 'నో, నో' అంటంది. నాను 'ప్లీజ్, ప్లీజ్' అంటన్నాను. ఎనకాల జులూ తాత ఒకడు 'హాయిబో! ఎల్లవయ్యా ముందుకి!' అని ఈపు మీద గుద్దినాడు. ఫ్రీడమ్ కోసం ఓటెయ్యడానికి ఎల్లి, లైను వొదిలీబోయినాను!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలో లెస్లీది ఆగిపోయింది.

"మా నాయన కాలురా ఇది," అన్నాడు మోకాలిమీద కొట్టుకుంటూ. "ఆయన నాకు పెట్టిపోయిన కాలు. ఏం చేసినా పోదు."

విల్‌ఫ్రెడ్‌కు ఆ కథ తెలుసు. ఆ కుటుంబాల్లో అందరికీ తెలుసు. అతను గడ్డిపరక తెంపి నమిలాడు.

"మీ నాయన కాలు అంటన్నావు," అన్నాడు. "మరి ఆ దినం మీ నాయన కాలు ఏటి సేసింది?"

మోకాలిమీద కొట్టుకుంటున్న లెస్లీ చెయ్యి ఆగింది.

అతను ఆ దారిని వెయ్యిసార్లు తలుచుకున్నాడు. దుమ్ము, అమ్మ మూలుగు, దొర కారు వెనక అద్దం. ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఏడేళ్ళవాడు రెండు సీట్ల మధ్య ఇరుక్కుని ఉంటే అతని కళ్ళముందు ఉండేది అద్దం కాదు, పెడళ్ళు. అక్కడ నాయన కుడికాలు ఉంది. చెప్పు లేదు. పగిలిన మడమ నేలకు ఆనింది, బొటనవేలు పక్కకు విచ్చుకుంది, వేళ్ళమధ్య ఎర్రమట్టి. ఆ కాలు పెడలును నేలదాకా నొక్కి పట్టింది. వణకలేదు. దొర కారు పక్కకు వచ్చినప్పుడు లేవలేదు, దాటినప్పుడు లేవలేదు, ఆసుపత్రి గేటు వరకూ లేవలేదు.

లేపిన చెయ్యి తర్వాత వచ్చింది. కత్తి పట్టాక, కోతల్లో బొబ్బలెక్కాక, భయం నేర్చుకున్న చెయ్యి అది. ఇన్నేళ్ళూ లెస్లీ ఆ చేతినే తండ్రి అనుకున్నాడు. ఆయనకు ఒక కాలు కూడా ఉందని మరిచిపోయాడు. ఎంత పెద్ద పొరపాటు! తనను కన్నవాడి గురించి, తన కళ్ళతో చూసినదాన్ని గురించి!

లేచి, ప్యాంటు దులుపుకుని, తీగ ఊడదీసి యథాస్థానంలో పెట్టాడు. తర్వాత డెరిక్ గుడారం దగ్గరికి నడిచాడు.

"డెరిక్," అన్నాడు. మాట నాలుకమీద రాయిలా తగిలింది గానీ వచ్చింది.

"చెప్పు, ఛాంపియన్!"

"రెండో పరుగు నాది కాదు. థ్రాటిల్‌కు తీగ కట్టాను. కాలితో గెలవలేదు. లెక్కలోంచి తీసెయ్యి."

డెరిక్ నవ్వబోయి ఆగాడు. "తీగ కట్టకూడదని రూలేం లేదే."

"నాకుంది. బీరు గ్లాసు నీకే, మూడోది మాత్రం పరిగెత్తుదాం. అది నాదైతే నేను ముందు, నీదైతే నువ్వు. ఇంకోమాట. మా నాయన కోతకు పంపమని అడగలేదు. మీ నాన్న పంపాడు. మా అమ్మకు రక్తం పోతుంటే మీ కారును దాటాడని."

డెరిక్ ముఖం ముందు తెల్లబడి, తర్వాత మెడనుంచి పైకి ఎర్రబడింది. చేతిలో డబ్బా ఏటవాలుగా వంగి, పానీయం గడ్డిమీద కారుతోంది. అతనికి తెలియలేదు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేను లారీలో ఉన్నాను."

చనిపోయిన తండ్రి ముఖాన్ని లోపల ఎక్కడో తిరగేసి చూస్తున్నవాడిలా డెరిక్ కళ్ళు దూరంగా పోయాయి. లెస్లీకి ఆ చూపు తెలుసు. పది నిమిషాల కిందట తనదీ అదే చూపు.

"ఇంకా పరిగెత్తాలనే ఉందా?" అని చివరికి అడిగాడు డెరిక్.

"అందుకే వచ్చాను. నా కోసం తగ్గించకు."

"తగ్గించను," అన్నాడు డెరిక్ మెల్లగా. "అది మాత్రం చెయ్యను."

*

మూడోసారి గీత దగ్గర నిలబడ్డప్పుడు లెస్లీ బూటు విప్పేశాడు. ఎందుకో అతనికే తెలియదు. జూలై చలికి పెడలు ఇనుము అరికాలికి కాలినట్టు తగిలింది.

జెండా పడింది. డెరిక్ మాట నిలబెట్టుకున్నాడు. బీఎండబ్ల్యూ ఈసారి మొదటినుంచీ వదలలేదు. ఒకటో గేరులో సమానం, రెండులో ఎంజీ ఒక మూర ముందు, మూడులో ఇంకో మూర. బ్లోయరు వేడెక్కి ఈల బొంగురుపోయింది. ఎర్ర డ్రమ్ము కనబడింది.

మోకాలిమీద చెయ్యి పడింది. ఎవరి చెయ్యీ లేదు, అయినా పడింది. తొడ కండరం బిగిసి పైకి లాగుతోంది. మడమ లేచింది, ఒక అంగుళం. లెస్లీ నోరు తెరిచి అరిచాడు, మాటలు కావవి, మందిరంలో ఆత్మ దిగినవాళ్ళ అరుపు కూడా కాదు. అరుస్తూనే వేళ్ళు విప్పాడు. బొటనవేలు పక్కకు తెరుచుకుని ఇనుమును పట్టింది. కాలు దిగింది. దిగి, నేలను తాకి, అక్కడే ఉండిపోయింది.

వెండి ముక్కు భుజం దాకా వచ్చింది. ఎంజీ ముందు చక్రం దాకా వచ్చింది. అక్కడే గీత వచ్చింది. ఒక మూర తేడా. లెస్లీ తన కళ్ళతో చూశాడు. ముందు తను.

అయిపోయింది, ఇక తియ్యి, అనుకున్నాడు.

కాలు రాలేదు.

మళ్ళీ అనుకున్నాడు. ఈసారి గట్టిగా పైకే అన్నాడు. మేకులు కొట్టినట్టు ఉంది కాలు. బండి పోతూనే ఉంది. చెరకు పెరుగుతోంది, ఆకుల అంచులు కనబడుతున్నాయి. ఎడమకాలు బ్రేకు వెతికింది, చెయ్యి తాళంచెవి కట్టేసింది, అదంతా ఆలస్యమైంది. ఎంజీ చెరకు గోడను చీల్చుకుని లోపలికి దూరింది. కర్రలు పటపటా విరిగాయి. ఆకులు ముఖాన్ని, చేతుల్ని కోశాయి. పచ్చటి చీకటి. తియ్యటి వాసన. బండి ఆగింది.

అతను బతికే ఉన్నాడు. నుదుటినుంచి సన్నగా రక్తం కారుతోంది. దూరంగా అరుపులు, ఒక కారు తలుపు తెరుచుకున్న చప్పుడు, కర్రలు తొక్కుకుంటూ వస్తున్న అడుగులు.

"బావా! బావా!" ముందు విల్‌ఫ్రెడ్, వెనక డెరిక్. ఇద్దరి జుట్టూ బూడిద. "బ్రేకు పోయిందేటి?"

"బ్రేకు బాగానే ఉంది."

"మరి?"

లెస్లీ కిందికి చూపించాడు. నల్లబడిన గోరుతో కాలు ఇంకా పెడలును నేలకు నొక్కి పట్టే ఉంది. ఇంజను ఎప్పుడో ఆగిపోయింది. కాలుకు ఆ కబురు అందలేదు.

డెరిక్ తలుపు పట్టుకుని లాగాడు. అది వంగిపోయి రాలేదు. ఆయాసంతో రొప్పుతూ ఆ కాలివంకే చూస్తూ నిలబడ్డాడు. విల్‌ఫ్రెడ్ తలుపుమీదుగా సగం మనిషి లోపలికి వంగి, రెండు చేతులతో చీలమండను పట్టుకున్నాడు.

"వొదలవా బావా?"

"నేను పట్టుకోలేదురా," అన్నాడు లెస్లీ. "లాగకు. ఉండు. ఒక్క నిమిషం ఉండనీ."